ఉన్నత పాఠశాల విద్యార్థులకు ఛాయాచిత్ర పోటీ – కొన్ని విన్నపాలు

వ్యాసరచన, వక్తృత్వం, ముషాయిరా, బైత్‌బాజీ వంటి పోటీలు మన విద్యాసంస్థలకు కొత్తవి కావు. కళాశాల పరిసరాలలోని ఉన్నత పాఠశాలల బాలబాలికలకు ఒక ఛాయాచిత్ర పోటీ కూడా జరపాలన్న ఆలోచన ఇటీవల మన మధ్య వినవస్తున్నది. ఈ ఆలోచనను మేము మనసారా స్వాగతిస్తున్నాము. అయితే పోటీ జరపడం వేరు, దానిని పదిమందికి పనికివచ్చేలా జరపడం వేరు. అందమైన బొమ్మకు గాక, తాను నివసించే వీధిని ఎరిగి, ఆ వీధివారి సమ్మతితో తీసిన బొమ్మకు బహుమతి దక్కాలని మా దృఢాభిప్రాయం. ఈ మాట ఎందుకు అంటున్నామో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఛాయాచిత్ర కళకు హైదరాబాదు నగరం పెట్టింది పేరు. 1844లో మీరట్ సమీపాన సర్ధనాలో జన్మించిన లాలా దీన్ దయాళ్ ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాచిత్రకారుడై, ‘రాజా బహాదుర్ ముసవ్విర్ జంగ్’ అనే బిరుదు పొందారు. ఆయన స్మారకంగా 2006లో భారత తపాలా శాఖ ఒక తపాలా బిళ్ళను వెలువరించింది. ఆయన తీసిన ప్రాసాదాలు, దర్బారులు, వేట దృశ్యాలు నేటికీ మనలను ముగ్ధులను చేస్తాయి. ఆ కాలపు చిత్రాలలో సామాన్యులు బొత్తిగా లేరని మేము అనడం లేదు. కాని నవాబు చిత్రం కింద నవాబు పేరు ఉంటుంది. పల్లకి మోసినవాని పేరు, రాళ్ళు కొట్టినదాని పేరు చాలావరకు మనకు తెలియవు. చరిత్రలో ముఖం మిగిలి, పేరు మిగలకపోవడం చిన్న లోపమా?

నేటి పరిస్థితి దీనికి ఎంత భిన్నమైనదో ఆలోచించండి. 1591లో వెలసిన చార్మినారును ప్రతిదినమూ లెక్కకు మిక్కిలిగా యాత్రికులు ఫోటో తీస్తున్నారు. దాని పక్కనే లాడ్ బజారులో లక్క గాజులు తళతళలాడుతున్నాయి. హైదరాబాదు లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. కాని నిప్పులపై లక్కను కరిగించి, దానిని సాగదీసి, వలయంగా చుట్టి, అది చల్లారేలోగా ఒక్కొక్క రాయిని చేతితో పొదిగేవారిని చూచినవారెందరు? ఛత్తా బజారులో పెండ్లి పత్రికలకు అందమైన అక్షరాలు దిద్దిన ఖుష్‌నవీసుల కలం పట్టును చూచినవారెందరు? కంప్యూటరు అక్షరాలు వచ్చిన తరువాత ఆ కలాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కార్చోబు చట్రం ముందు వంగి జరీ కుట్టే చేతులను చూచినవారెందరు? బయటివాడు గడప దాటలేని ఆ ఇండ్లలోకి ఆ ఇంటి పిల్లవాడు, ఆ వీధి బాలిక నిస్సంకోచంగా వెళ్ళగలరు. ఉన్నత పాఠశాల విద్యార్థికి ఉన్న అసలైన అర్హత ఇదే. ఖరీదైన కెమెరా ఈ అర్హతను ఇవ్వజాలదు.

ఇక్కడనే మొదటి చిక్కు ఎదురవుతుంది. నేడు అందరి చేతులలో సెల్ ఫోన్లు ఉన్నాయని అనుకుంటాము. ఒకే ఫోను ఉన్న ఇంట్లో, దానిని తండ్రి ఉదయమే పనికి తీసుకొనిపోతే, పిల్లలకు మిగిలేదేమిటి? ఆడపిల్లల చేతికి అది వచ్చేది మరీ అరుదు. ఏ ఏర్పాటూ లేకుండా పోటీ ప్రకటిస్తే అది ఫోన్ల ధరల మధ్య పోటీ అవుతుందే తప్ప చూపుల మధ్య పోటీ కాదు. కనుక కళాశాల కొన్ని పరికరాలను సమకూర్చి, కావలసిన విద్యార్థులకు రెండేసి దినాలు ఎరువు ఇవ్వాలి. ఒక్కొక్కరు మూడు చిత్రాలకు మించి పంపరాదని నియమం ఉండాలి. ముద్రణ ఖర్చు కళాశాలే భరించి, అందరి చిత్రాలనూ ఒకే పరిమాణంలో ముద్రించి న్యాయనిర్ణేతల ముందు ఉంచాలి.

బాలికల విషయంలో పెద్దలు సందేహించవచ్చు. 1892లోనే దీన్ దయాళ్ హైదరాబాదులో స్త్రీలకు ప్రత్యేకంగా జనానా స్టూడియో నెలకొల్పి, దాని నిర్వహణను ఒక ఆంగ్ల మహిళకు అప్పగించిన సంగతి ఇక్కడ స్మరణీయం. ఘోషా పాటించే స్త్రీలకు కావలసినది తగిన ఏర్పాటు. ఆ ఏర్పాటు జరిగినప్పుడు వారు కెమెరా ముందుకు వచ్చారు. కెమెరా వెనుక నిలిచిన స్త్రీలూ మనకు ఆదర్శంగా ఉన్నారు. మన దేశపు తొలి మహిళా పత్రికా ఛాయాచిత్రకారిణిగా ఖ్యాతి గాంచిన హోమై వ్యారావాలాను 2011లో పద్మవిభూషణ్ వరించింది. ఒక ఉపాధ్యాయిని తోడుగా నలుగురు బాలికలు తమ వీధిలో గంటసేపు తిరిగి చిత్రాలు తీయడం అసాధ్యమైన పని కాదు.

రెండవ విషయం సమ్మతి. ముడుతలు పడిన ముసలి భిక్షుకుని ముఖం, కన్నీరు కారుస్తున్న పసివాని కళ్ళు చూపితే బహుమతి ఖాయమన్న భ్రమ ఈ పోటీలను పట్టి పీడిస్తున్నది. పొరుగువాని పేదరికాన్ని అడగకుండా తీసుకొనిపోయి గోడకు వేలాడదీయడం కళ అనిపించుకోదు. అడిగి తీయాలి, వద్దన్నవారిని వదలివేయాలి. కొన్ని కుటుంబాలవారు తమ రూపాన్ని చిత్రించడానికి ఇష్టపడరు. వారి అభీష్టాన్ని గౌరవించి చేతులను, పనిముట్లను, తయారైన వస్తువును తీయవచ్చును. ప్రతి చిత్రానికీ ఉర్దూలో గాని, తెలుగులో గాని నాలుగు వాక్యాలు జోడించాలి: ఇది ఏ వీధి, ఏ పని, ఎన్నడు తీసినది, వారు అంగీకరిస్తే వారి పేరు. పోటీ ముగిసిన పిమ్మట ఒక ప్రతిని వారి ఇంటికి తీసుకొనివెళ్ళి ఇచ్చి రావాలి. న్యాయనిర్ణేతలలో ఒక ఛాయాచిత్రకారుడు, ఒక అధ్యాపకుడు ఉంటే సరిపోదు. ఆ పనివారలలో ఒక పెద్దకు కూడా స్థానం ఉండాలి. గాజు ఎలా తయారవుతుందో ఎరిగినవాడే ఆ చిత్రంలోని సత్యాన్ని పట్టగలడు.

మూడవది హక్కుల మాట. 1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం, స్వయంగా తీసిన ఛాయాచిత్రానికి సాధారణంగా తీసినవారే తొలి హక్కుదారులు. పోటీ దరఖాస్తులో చిన్న అక్షరాలతో ఒక వాక్యం రాసి ఆ హక్కును పిల్లల చేతినుండి లాగుకోవడం న్యాయం కాదు. ప్రదర్శించడానికి, భద్రపరచడానికి అనుమతి కోరితే చాలును. కృత్రిమ మేధ క్షణంలో లేని మనిషిని, లేని వీధిని సృష్టిస్తున్న ఈ రోజులలో అసలు చిత్రాన్ని, ఏ మార్పూ చేయని ఫైలును, కూడా సమర్పించాలని నియమించడం అవసరం. వెలుతురు సరిచేయవచ్చును; లేనిదానిని చేర్చరాదు.

చదువులు పాడవుతాయని, ఫోను చేతికిస్తే పిల్లలు చెడిపోతారని కొందరు తల్లిదండ్రులు భయపడవచ్చు. ఆ భయం అకారణమని మేము అనము. కాని ఫోను ఏదో ఒక వేళ ఆ చేతికి రాక తప్పదు. అది వచ్చిన నాడు ఇతరులను ఎలా చూడాలో, ఎప్పుడు దానిని దించాలో నేర్పేవారు ఎవరు? అడిగి తీయడం, తీసినదానిని గురించి నాలుగు వాక్యాలు సరిగా రాయడం చదువులో భాగమే గాని చదువుకు అడ్డంకి కాదు.

చివరగా, బహుమతి ప్రదానంతో ఈ పని ముగియరాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ నది నగరంపై విరుచుకుపడినప్పటి విధ్వంసం నేడు మన కళ్ళకు కడుతున్నదంటే, దానికి కారణం ఎవరో ఆ దృశ్యాలను చిత్రించడం, మరెవరో వాటిని దాచడం. ఫోనులోని చిత్రం ఫోనుతోపాటే పోతుంది. కాబట్టి ఎంపికైన చిత్రాలనే గాక, వచ్చిన చిత్రాలన్నింటినీ రెండు భాషల వ్యాఖ్యలతో ఆల్బములుగా కూర్చి కళాశాల గ్రంథాలయంలో ఉంచాలని కమిటీ పెద్దలను వినయపూర్వకంగా కోరుతున్నాము. ఏటా ఒక్క ఆల్బము చేరినా, పాతికేళ్ళకు మన వీధుల చరిత్ర మన పిల్లల చేతులమీదుగానే సిద్ధమవుతుంది.

సోదర సోదరీ విద్యార్థులారా! ఈ కార్యభారంలో సగం మనది. మన తమ్ములకు, చెల్లెళ్ళకు పరికరం పట్టుకోవడం నేర్పవలసినవారము, వారి వెంట వీధులలో నడవవలసినవారము మనమే. కళాశాల కమిటీ తలుపు తెరిస్తే, పని చేయడానికి మేము సిద్ధంగా ఉన్నామని ఈ సంచిక ముఖంగా మనవి చేస్తున్నాము.