క్రాసింగ్ తేదీని నమ్మి కత్తి పట్టొద్దు

"క్రాసింగ్ చేపిచ్చి అరవై రెండు రోజులాయె సార్, ఇంక పెడ్తలేదు. ఆపరేషన్ చేపియ్యాల్నా?" జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లలో కుక్కను పెంచుకునే ఇండ్లలో ఈ ప్రశ్న ఎన్నోసార్లు విన్నాను. అడిగేవాళ్ల గొంతులో భయం ఉంటుంది. చేతిలో మాత్రం ఒక్కటే ఆధారం, క్రాసింగ్ జరిగిన తేదీ. ఆ తేదీ ఒక్కదాన్ని నమ్మి తల్లి కడుపు కోయించకండి అన్నదే నా మనవి.

కారణం కుక్క ఒంట్లోనే ఉంది. మగకుక్క వీర్యకణాలు ఆడకుక్క గర్భంలో వారం దాకా బతకగలవు. అండమేమో విడుదలైన వెంటనే పనికిరాదు, పక్వానికి రావడానికి రెండు రోజులు పడుతుంది. అందుకే క్రాసింగ్ నుంచి లెక్కిస్తే కాన్పు 57వ రోజునా రావచ్చు, 72వ రోజునా రావచ్చు. పక్షం రోజుల తేడా! అండం విడుదలైన రోజు నుంచి లెక్కిస్తే మాత్రం 63 రోజులే, ఒక రోజు అటూ ఇటూ.

ఆ రోజును పట్టిచ్చేది రక్తంలోని ప్రొజెస్టెరాన్ అనే హార్మోన్. ఎద మొదట్లో ఇది మిల్లీలీటరుకు ఒక నానోగ్రాము కూడా ఉండదు. 2 దాటిందంటే ఒళ్లు సిద్ధమవుతున్నట్టు, 5 దగ్గరికి వచ్చిందంటే అండం విడుదలవుతున్నట్టు. అప్పటినుంచి రెండు రోజులు ఆగి జత కలపాలి. నెత్తురు కనబడ్డ పదకొండో రోజు, పదమూడో రోజు అనే పాత లెక్క అన్నిటికీ కుదరదు. కొన్నిటికి వారానికే అండం విడుదలవుతుంది, కొన్నిటికి మూడు వారాలు పడుతుంది. ఒక్కసారి పరీక్షిస్తే కూడా తెలియదు. రోజు విడిచి రోజు రక్తం తీసి, అంకె పెరగడం చూడాలి.

కాన్పు దగ్గర పడ్డప్పుడు ఇదే హార్మోన్ మళ్లీ అక్కరకొస్తుంది. పిల్లలు పెట్టే ముందు రోజులోనే అది 2 కంటే కిందికి పడిపోతుంది. పగ్, బుల్‌డాగ్ పిల్లలకు తల పెద్దది, తల్లికి దారి ఇరుకు. అలాంటి తల్లికి ఆపరేషన్ తొందరపడి చేస్తే ఊపిరితిత్తులు ముదరని పిల్లలు బయటపడతాయి, ఆలస్యమైతే కడుపులోనే చచ్చిపోతాయి. సరైన గడియ చెప్పేది ఆ అంకే. ఒక జాగ్రత్త: చూలు కట్టిందో లేదో ఈ పరీక్ష చెప్పదు. కట్టని కుక్కలోనూ ఎద తర్వాత ఈ హార్మోన్ అలాగే పెరుగుతుంది. చూలు తేలాలంటే స్కానింగ్ చేయించాలి.

కుక్కకు ఇంత ఖర్చు ఎందుకని రైతు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. నా జవాబు ఆయన బర్రె దగ్గరే ఉంది. ఎండాకాలంలో బర్రెలకు మూగ ఎద వస్తుంది, పైకి కనబడదు. కృత్రిమ గర్భధారణ సూది వేయించిన ఇరవై ఒకటో రోజుకు ప్రొజెస్టెరాన్ తక్కువగా ఉంటే చూలు కట్టలేదని తేలుతుంది. రైతుకు మరో ఎద వృథా కాదు. కుక్కకూ బర్రెకూ కొలిచే హార్మోన్ ఒకటే.

పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం కింద కోరుట్లలో పశువైద్య కళాశాల ఉంది. జగిత్యాల, సిరిసిల్ల ఆసుపత్రుల్లో రక్తం తీసి, సీరం వేరుచేసి, చల్లగా ఉంచి అక్కడికి పంపే ఏర్పాటు శాశ్వతంగా ఉండాలి. యంత్రాన్ని బట్టి అంకెలు కొంచెం మారతాయి కాబట్టి, ఒకే చోట పరీక్షించడమే మేలు కూడా.

ఒక్క షరతు. ఈ పరీక్ష ప్రతి ఎదకూ పిల్లల్ని తీసి అమ్ముకునే సాధనం కాకూడదు. కుక్కల పెంపకంపై 2017 కేంద్ర నిబంధనల ప్రకారం పద్దెనిమిది నెలలు నిండని ఆడకుక్కను దాటించకూడదు. ఏడాదికి ఒక్క కాన్పే, జీవితంలో అయిదుకు మించకూడదు. ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు.

దాటించాలని నిర్ణయించేది మనం, నొప్పులు పడేది అది. కాబట్టి దాని లెక్క సరిగ్గా రాసిపెట్టడం మన బాధ్యత. ఈసారి క్రాసింగ్ తేదీ పక్కన అండం విడుదలైన తేదీ కూడా రాసుకోండి. అర్ధరాత్రి డాక్టరు మిమ్మల్ని అడిగేది ఆ రెండో తేదీనే.