ఇంటర్వెల్ కాఫీ ఇంటికొస్తే!

ఇంటర్వెల్ బెల్ కొట్టగానే బుస్సుమనే ఆ 'ఎక్స్‌ప్రెస్సో' గుర్తుందా? ఆ రుచి కోసం నిజామాబాద్‌లోని మా ఇరుకు వంటింట్లోకి మెషిన్ కొందామనుకున్నాను. పొయ్యి పక్కన జానెడు చోటుంది. 15 సెంటీమీటర్ల వెడల్పువీ దొరుకుతున్నాయి. కానీ పైన అలమర! నీళ్లతొట్టి మూత తెరవడమెలా?

తీరా విచారిస్తే, మన హాళ్లలో తాగింది చాలావరకు ఇన్‌స్టంట్ పొడి, ఆవిరితో నురగెత్తించిన పాలేనట! అసలు ఎస్‌ప్రెస్సోకి సుమారు 9 బార్ల ఒత్తిడి కావాలి. చౌక ఆవిరి మెషిన్లకి అంత దమ్ము లేదు, పంపున్నదే కొనాలి.

మా మేనమామ 2015లో మూతపడ్డ బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో బాయిలర్ మనిషి.

"ఆవిరి సంగతి నాకు చెప్తవారా? నీకు నురగ గావాలె, అంతేనా?" అంటూ రెండు గ్లాసులందుకుని మూరెడెత్తు నుంచి తిరగబోశాడు.

ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆయన ముఖంలో అంత హుషారు చూడటం అదే మొదలు. జానెడు చోటు ఇంకా ఖాళీగానే ఉంది.