ఇళ్ళు రెండైనా తల ఒక్కటే



ఈ నెల మన పేజీలో కొంచెం ఇబ్బందిగా అనిపించే విషయం రాస్తున్నాను. అమ్మ, నాన్న విడివిడిగా ఉంటున్న పిల్లలు మన తరగతుల్లో ఉన్నారు. వాళ్ళకి వారమంతా ఒక ఇల్లు, శని, ఆదివారాలు ఇంకో ఇల్లు. దసరా, సంక్రాంతి, వేసవి సెలవులు పంచుకుని గడిపేవాళ్ళూ ఉన్నారు. చదువు గురించి, మార్కుల గురించి అడిగినప్పుడు ఇద్దరూ మాతో చక్కగానే మాట్లాడతారు. పేచీ అంతా స్నానం, తలనూనె, గోళ్ళు, పళ్ళ దగ్గర వస్తుంది.

"సోమవారం వచ్చేసరికి జుట్టు అట్టకట్టి ఉంటుంది మిస్. అక్కడ ఎవరూ తలకి నీళ్ళు కూడా పొయ్యరు" అంటారు ఒకరు. "ఏడేళ్ళ పిల్లాడికి పూటకో స్నానం, ముట్టుకున్న ప్రతిదానికీ శానిటైజర్. ఇలా అయితే వాడు బయట ఎలా ఆడుకుంటాడు మేడమ్?" అంటారు ఇంకొకరు. ఇద్దరిదీ ప్రేమే. ఆ మాటలు వింటూ మధ్యలో నిలబడేది మాత్రం బ్యాగ్ తగిలించుకున్న పిల్ల.

నా అభిప్రాయం ముందే చెబుతాను. శుభ్రతలో కొన్ని విషయాలు ఆరోగ్యానికి సంబంధించినవి. వాటి మీద అమ్మానాన్నలు ఎంత దూరంగా ఉన్నా ఒక మాట మీదకి రావాలి. మిగతావి ఏ ఇంటి అలవాటు ఆ ఇంటిది, వాటిని వదిలేయాలి. ఏది ఎందులోకి వస్తుందో విడదీసి చూడకపోవడం వల్లే చిన్నది పెద్దదవుతోంది, అసలు పట్టించుకోవాల్సింది మరుగున పడుతోంది.

వదిలేయదగ్గవి

సున్నిపిండా, సబ్బా? తలంటు శనివారమా, ఆదివారమా? కొబ్బరినూనె రాయాలా, వద్దా? గీజర్ నీళ్ళా, చన్నీళ్ళా? స్నానం పొద్దున్నా, సాయంత్రమా? వీటిలో ఏది చేసినా పిల్లలకి నష్టం లేదు. నానమ్మ గారి ఇంట్లో సున్నిపిండితో నలుగు పెడతారు, అమ్మ దగ్గర షవర్ కింద నిలబడతారు. రెండు చోట్లా ఒళ్ళు శుభ్రపడుతుంది.

రెండు రకాల పద్ధతులుంటే పిల్లలు తికమక పడతారని మీరు భయపడొచ్చు. వీళ్ళు స్కూల్లో ఇంగ్లిష్, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, మధ్యలో వ్యాన్ అన్నతో ఇంకో భాష మాట్లాడే పిల్లలు. ఎక్కడ ఏ పద్ధతో మనకంటే త్వరగా పట్టేస్తారు. వాళ్ళు తట్టుకోలేనిది వేరే ఉంది. "ఆ ఇంట్లో అంతేలే, శుభ్రం తెలియదు" అనే మాట. ఆ ఇల్లు కూడా వాళ్ళదే కదా.

ఒక మాట మీదకి రావాల్సినవి

మొదటిది తలలో పేలు. ఒకటి నుంచి ఐదో తరగతి వరకు టీచర్లందరికీ తెలిసిన సమస్య ఇది. పేలు ఎగరవు, దూకవు. ఒక తల ఇంకో తలకి ఆనినప్పుడు పాకుతాయి. శుభ్రంగా ఉన్న జుట్టులోకీ వస్తాయి. కాబట్టి పేలు ఎవరింట్లో పట్టాయన్న విచారణ వల్ల లాభం లేదు.

లాభం ఉన్నది తేదీ గుర్తుపెట్టుకోవడంలో. పేల గుడ్లు, అంటే ఈపులు, సుమారు 7 నుంచి 10 రోజుల్లో పొదుగుతాయి. చాలా మందులు పేలని చంపుతాయి కానీ గుడ్లన్నిటినీ చంపలేవు. అందుకే పొదిగిన పిల్లపేలు మళ్ళీ గుడ్లు పెట్టకముందే రెండోసారి మందు పెట్టాలి. పెర్మెత్రిన్ లాంటి మందుకి మామూలుగా అది 9వ రోజు దగ్గర పడుతుంది. ఏ మందు, ఎన్నిసార్లు అన్నది మీ డాక్టర్ చెబుతారు. ఇప్పుడు లెక్క చూడండి. అమ్మ శుక్రవారం రాత్రి మందు పెట్టారు. తొమ్మిదో రోజు ఆదివారం అవుతుంది. ఆ రోజు పాప నాన్న దగ్గర ఉంటుంది. నాన్నకి విషయం తెలియదు. సోమవారానికి తేదీ దాటిపోతుంది, మరో రెండు వారాలకి తలలో మళ్ళీ పేలు. అప్పుడు "అక్కడే అంటుకున్నాయి" అని ఇద్దరూ ఒకరినొకరు అనుకుంటారు. నిజానికి అవి ఎక్కడా అంటుకోలేదు. ఒక మెసేజ్ పెట్టకపోవడం వల్ల తిరిగొచ్చాయి. ఇంకో మాట, ఎంత విసుగొచ్చినా తలకి కిరోసిన్ రాయకండి. అది చర్మాన్ని కాలుస్తుంది, నిప్పు తగిలితే ప్రాణం మీదకి వస్తుంది.

రెండోది గజ్జి. ఇందులో రెండు ఇళ్ళ లెక్క ఇంకా గట్టిది. ఒకరికి వస్తే దురద ఉన్నా లేకపోయినా ఇంట్లో అందరూ ఒకే సమయంలో మందు రాసుకోవాలని డాక్టర్లు చెబుతారు. పాప రెండు ఇళ్ళల్లో పడుకుంటుంటే ఆ 'అందరూ' అనే మాటలో రెండు ఇళ్ళ మనుషులూ ఉంటారు. ఒక ఇల్లు రాసుకుని ఇంకో ఇల్లు మానేస్తే గజ్జి పాపతో పాటు అటూ ఇటూ తిరుగుతూనే ఉంటుంది. కోర్టు ఏ ఇంటికి ఎన్ని రోజులు ఇచ్చిందో దానికి తెలియదు.

మూడోది పళ్ళు. మనలో చాలామందికి పళ్ళు తోముకోవడం అంటే పొద్దున లేవగానే చేసే పని. పిల్లలకి రాత్రి తోముకోవడం అంతకంటే ముఖ్యం. నిద్రలో లాలాజలం తగ్గుతుంది, పళ్ళలో ఇరుక్కున్న తీపి రాత్రంతా అలాగే ఉంటుంది. ఆరేళ్ళ ప్రాంతంలో పాలపళ్ళ వెనక, ఏ పన్నూ ఊడకుండానే ఒక కొత్త దవడపన్ను వస్తుంది. అది కూడా పాలపన్నే, ఎలాగూ ఊడిపోతుందిలే అనుకుంటారు. అది జీవితాంతం ఉండాల్సిన పన్ను. శని, ఆదివారం రాత్రులు "ఒక్క రోజుకి ఏమవుతుందిలే" అని వదిలేస్తే ఏడాదికి నూరు రాత్రులు దాటుతుంది. పేస్టు ఏ కంపెనీదన్నది గొడవ పడాల్సిన విషయం కాదు. ఫ్లోరైడ్ ఉన్నది చాలు, ఆరేళ్ళ లోపు పిల్లలకి బఠాణీ గింజంత చాలు. ఏడెనిమిదేళ్ళు వచ్చేవరకు పక్కన పెద్దవాళ్ళు నిలబడాలి. ఒక్కో ఇంట్లో ఒక్కో బ్రష్ ఉంచితే "బ్రష్ మర్చిపోయాం" అనే మాటే రాదు.

ఎదుగుతున్న ఆడపిల్ల

నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లల నాన్నలకి ఈ భాగం. పీరియడ్స్ తొమ్మిది, పదేళ్ళకే మొదలయ్యే పిల్లలు ఉన్నారు. అది ఏ రోజు మొదలవుతుందో ఎవరూ చెప్పలేరు. ఆదివారం మధ్యాహ్నం మీ ఇంట్లో ఉన్నప్పుడు కావచ్చు. "అవన్నీ వాళ్ళమ్మ చూసుకుంటుంది" అనుకుంటే ఆ మధ్యాహ్నం పాప బాత్‌రూమ్‌లో ఒంటరిగా భయపడుతూ కూర్చుంటుంది.

మీ ఇంట్లో ఒక ప్యాడ్ల ప్యాకెట్, పాప కొలతకి రెండు జతల లోదుస్తులు, చిన్న చెత్తబుట్ట ఉంచండి. నాలుగైదు గంటలకోసారి ప్యాడ్ మార్చుకోవాలని, వాడినది కాగితంలో చుట్టి బుట్టలో వేయాలని ముందే చెప్పి ఉంచండి. చెప్పడానికి మొహమాటంగా ఉంటే మీ అక్కచెల్లెళ్ళనో, పాప నానమ్మనో చెప్పమనండి. అమ్మలకి కూడా ఒక మనవి. ఆయన ఫోన్ చేసి అడిగితే ఎత్తిపొడవకుండా చెప్పండి. ఓణీల ఫంక్షన్ ఎవరు చేయాలి, ఎక్కడ చేయాలి అన్న చర్చ తర్వాత. ముందు పాప చేతికి ప్యాడ్ అందాలి.

స్నానం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆరేడేళ్ళు వచ్చాక ఆడపిల్లలైనా, మగపిల్లలైనా తమ స్నానం తామే చేసుకోవడం నేర్పాలి. రెండు ఇళ్ళల్లోనూ బాత్‌రూమ్ తలుపు వేసుకునే హక్కు వాళ్ళకి ఉండాలి. ఇక ఎవరైనా తప్పుగా తాకారని పిల్లలు చెబితే అది శుభ్రత గొడవ కాదు. 2012 పోక్సో చట్టం ప్రకారం ఆ విషయం తెలిసినవాళ్ళు, టీచర్లతో సహా, పోలీసులకి చెప్పి తీరాలి. 1098కి కూడా ఫోన్ చేయొచ్చు.

పిల్లల ఒంటిని సాక్ష్యం చేయొద్దు

అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు అంటారు. ఒకరి మీద ఒకరికి ఉన్న కోపం ఇప్పుడు పిల్లల గోళ్ళ మీద, మెడ మీద మురికి మీద తేలుతోంది. ఇంటికి రాగానే చేతులు చాపమని గోళ్ళకి ఫోటో తీసి అవతలివాళ్ళకి వాట్సాప్‌లో పంపడం, "లాయర్‌కి కావాలి" అని దాచిపెట్టడం చేయకండి. అలా ఫోటో తీయించుకున్న పిల్లలకి ఒకటే అర్థమవుతుంది, తమలో ఏదో అసహ్యమైనది ఉందని. కొందరు క్లాసులో చేతులు బల్ల కింద దాచుకుంటారు. మమ్మీకి ఒక జవాబు, డాడీకి ఒక జవాబు సిద్ధం చేసుకోవడం నేర్చుకుంటారు. శుభ్రత నేర్పుదామని మొదలుపెట్టి అబద్ధం నేర్పినట్టవుతుంది.

1956 హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం 13వ సెక్షన్‌లో పిల్లల సంక్షేమమే అన్నిటికంటే ముఖ్యమని ఉంది. సంక్షేమం అంటే ఎవరింట్లో సబ్బు ఖరీదైనదో పోల్చి చూడటం కాదు.

"సోమవారం ఎలా వచ్చాడో ఒక మెయిల్ పెట్టండి మిస్" అని మమ్మల్ని అడిగేవారికి కూడా ఇదే నా మాట. పిల్లాడికి తలలో పేలు కనిపిస్తే, పన్ను నొప్పి అంటే మేము తప్పకుండా చెబుతాం. ఇద్దరికీ, ఒకే మాటల్లో చెబుతాం. ఒకరికి అనుకూలంగా రాసే సర్టిఫికెట్ మాత్రం మా పని కాకూడదు. మేము ఒక పక్షం చేరామని పిల్లలకి తెలిస్తే, స్కూల్లో వాళ్ళు భయం లేకుండా ఉండే చోటు కూడా పోతుంది.

మరి ఒక ఇల్లు నిజంగానే పట్టించుకోకపోతే? పుండ్లు మానకుండా ఉండటం, చీము పట్టడం, వారాల తరబడి ఒకే సమస్య తిరిగి రావడం జరుగుతుంటే ఊరుకోమని నేను అనను. ముందు డాక్టర్‌కి చూపించి, ఆయన రాసిచ్చిన చీటీ అవతలివారికి పంపండి. మీరు చెబితే దెప్పినట్టు ఉండేది, డాక్టర్ రాస్తే సలహాలా ఉంటుంది. అయినా మార్పు రాకపోతే కోర్టులో కేసు నడుస్తున్నవారు ఫ్యామిలీ కోర్టు కౌన్సెలర్ ముందు పెట్టండి. ఆ మాట పెద్దల మధ్యే జరగాలి. పిల్లల నోటితో కబురు పంపొద్దు.

ఒక్క పేజీ చాలు

పెద్ద ఒప్పందాలేమీ అక్కర్లేదు. ఒక కాగితం మీద ఇవి రాసి రెండు ఇళ్ళల్లో బాత్‌రూమ్ తలుపుకి అంటించండి.

1. రాత్రి పళ్ళు తోముకున్నాకే పడుకోవడం. తర్వాత పాలు, బిస్కెట్ లేవు.

2. తినే ముందు, టాయిలెట్‌కి వెళ్ళొచ్చాక సబ్బుతో 20 సెకన్లు చేతులు కడుక్కోవడం.

3. ఆదివారం పిల్లలు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు గోళ్ళు తీయడం, తల పాయలు తీసి చూడటం.

4. ఏదైనా మందు మొదలుపెడితే దాని పేరు, మొదటి తేదీ, మళ్ళీ వాడాల్సిన తేదీ. నులిపురుగుల మాత్ర కూడా ఇందులోదే. ఫిబ్రవరి 10, ఆగస్టు 10 ప్రాంతంలో స్కూళ్ళలో ఆల్బెండజోల్ ఇస్తారు. వేసుకున్న సంగతి రెండు ఇళ్ళకీ తెలిస్తే రెండోసారి వేయరు.

5. ఆడపిల్లలకి ప్యాడ్లు రెండు చోట్లా.

ఈ పేజీ తయారుచేయడానికి ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోనవసరం లేదు. మెసేజ్‌లో పంపుకున్నా చాలు. మాట్లాడుకోవడమే కష్టమైతే స్కూల్ డైరీలో రాయండి. డైరీ పిల్లల బ్యాగ్‌లో రెండు ఇళ్ళకీ వెళుతుంది.

మిగతా తల్లిదండ్రులకు

కలిసి ఉంటున్న కుటుంబాలకి కూడా ఒక మాట. సెక్షన్‌లో ఎవరికైనా పేలు కనిపించగానే క్లాస్ వాట్సాప్ గ్రూప్‌లో "వాళ్ళింట్లో చూసేవాళ్ళు లేరుగా, అందుకే" అనే మెసేజ్ తిరగడం మానాలి. పేలు అందరి ఇళ్ళకీ వస్తాయి. ఆ మెసేజ్ మీ పిల్లలు చదువుతారు, మర్నాడు లంచ్ దగ్గర అదే మాట అంటారు. రోజంతా మీ పాప పక్కన కూర్చునే పిల్ల ఆ రోజు ఒంటరిగా తింటుంది.

విడిపోవాలన్నది పెద్దవాళ్ళ నిర్ణయం. దాని మంచిచెడ్డలు చెప్పడం నా పని కాదు. పిల్లల వైపు నుంచి నేను అడిగేది చిన్నదే. ఈ శనివారం పిల్లల్ని పంపేటప్పుడు బ్యాగ్‌లో బట్టలతో పాటు ఆ వారం మందు తేదీ రాసిన చీటీ ఒకటి పెట్టండి. అందుకున్నవారు "చూశాను, పెడతాను" అని ఒక్క మెసేజ్ ఇవ్వండి. సోమవారం మా క్లాసుకి వచ్చే పిల్లకి అంతకంటే పెద్ద సాయం లేదు.