సర్వీసు బిల్లులో ఏముంది?

గత నెల ఒక శుక్రవారం సాయంత్రం మా చెల్లెలి భర్త పటాన్‌చెరులోని మా ఇంటికి వచ్చారు. పాశమైలారం పారిశ్రామికవాడలోని ఒక మందుల కర్మాగారంలో ఆయన షిఫ్టు ఉద్యోగి. రెండేళ్ళ క్రితం కొన్న పాత చిన్న కారును ఆ ఉదయమే సర్వీసుకు ఇచ్చారట. ఆరు వేలకు మించదన్న అంచనాతో ఏడు వేలు వెంట తీసుకువెళితే, చేతికి వచ్చిన బిల్లు 10,030 రూపాయలు. తక్కువ పడిన మూడు వేల పైచిలుకు పిల్లవాడి పుస్తకాలకు, బడి బస్సుకు విడిగా ఉంచిన సొమ్ము నుండి కట్టి వచ్చారు. "మోసపోయానా భాయీజాన్, లేక సర్వీసుకు అంతే అవుతుందా?" అని అడిగారు.

ఇద్దరం బిల్లు ముందు పెట్టుకుని కూర్చున్నాము. ఇంజన్ నూనె నాలుగు లీటర్లు, లీటరు 500 చొప్పున 2,000. ఆయిల్ ఫిల్టరు 120, వాషరు 20, ఎయిర్ ఫిల్టరు 360, ఏసీ ఫిల్టరు 500, కూలీ 2,000. ఇంతవరకు 5,000. దీనిపై 18 శాతం జీఎస్టీ కలిపితే 5,900 అవుతుంది. అంటే ఆయన అంచనా తప్పు కాదు. ఆ కింద మరి నాలుగు పద్దులు ఉన్నాయి. థ్రాటిల్ శుభ్రత 900, ఇంజన్ పైభాగానికి మెరుగు 600, ఏసీ క్రిమిశుద్ధి 1,100, చక్రాల అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ 900. పన్నుతో కలిపి ఇవే 4,130 రూపాయలు. ఉదయం తొందరలో సంతకం చేసిన జాబ్ కార్డులో ఈ నాలుగూ ఉన్నాయి. ఆయన చదవలేదు, వారు చదివి వినిపించలేదు.

ఈ నాలుగూ వ్యర్థమని అనలేము. మన రహదారుల గుంతలలో తిరిగే కారుకు అలైన్‌మెంట్ అవసరమే. అది తప్పితే టైరు ఒకవైపే అరిగిపోతుంది, కొత్త టైరు ధర ముందు ఈ 900 చాలా చిన్నది. ఇంజన్‌కు పూసే మెరుగు మాత్రం కంటికి ఇంపు, అంతే. థ్రాటిల్ శుభ్రత బండి ఆగినప్పుడు వణుకుతుంటేనో, పికప్ తగ్గితేనో చేయించవలసిన పని. ఏసీ నుండి దుర్వాసన రానప్పుడు క్రిమిశుద్ధికి తొందర లేదు. సర్వీసు సలహాదారులకు చాలాచోట్ల ఇటువంటి అదనపు పనుల అమ్మకానికి నెలవారీ లక్ష్యాలు ఉంటాయి. అందుచేత "ఇది చేయకపోతే ఇప్పుడు ఏమవుతుంది?" అని అడగడం మర్యాదకు లోపం కాదు.

నా చూపు నూనె దగ్గర ఆగింది. కారుతోపాటు వచ్చిన చేతిపుస్తకం తెప్పించి చూస్తే, ఫిల్టరుతో సహా పట్టే నూనె 3.1 లీటర్లని ఉంది. పీపా నుండి కొలిచి పోసే చోట నాలుగు లీటర్లకు సొమ్ము ఎందుకు? మరునాడు పుస్తకంతో వెళ్ళి అడిగితే, పొరపాటున పూర్తి సంఖ్య వేశామని చెప్పి, పన్నుతో కలిపి 531 రూపాయలు తిరిగి ఇచ్చారు. వాగ్వాదం ఏమీ జరగలేదు. తూకంలో, కొలతలో హెచ్చుతగ్గులను మన ధర్మం ఎంత తీవ్రంగా పరిగణిస్తుందో పాఠకులకు చెప్పనక్కరలేదు. దుకాణంలో తరాజు వైపు చూసే కళ్ళు నూనె పీపా వైపు కూడా చూడవచ్చును.

ఎయిర్ ఫిల్టరు విషయంలో నా అభిప్రాయం వేరు. 65వ నంబరు జాతీయ రహదారిపై రామచంద్రాపురం నుండి రుద్రారం వరకు లారీల వెనుక పాకుతూ వెళ్ళే బండి పీల్చే దుమ్ము తక్కువ కాదు. దుమ్ము ప్రాంతాలలో ఫిల్టరును గడువుకు ముందే చూడాలని చేతిపుస్తకాలే చెబుతాయి. అది మూసుకుపోతే ఇంజన్‌కు ఊపిరాడక పికప్ తగ్గుతుంది. ఇక్కడ 360 రూపాయలు మిగుల్చుకోవడం పొదుపు అనిపించుకోదు. అలాగే "నేను ఏడాదికి నాలుగు వేల కిలోమీటర్లే తిరిగాను" అని నూనె మార్పును వాయిదా వేయడం కూడా సరికాదు. నిలిచి ఉన్నా, దగ్గరి దూరాలే తిరిగినా నూనె పాడవుతుంది. కిలోమీటర్ల గడువు, నెలల గడువు, ఏది ముందు వస్తే అదే లెక్క.

పాత బిల్లుతో పోల్చుకునేవారు పన్నును కూడా చూడాలి. 2025 సెప్టెంబరు 22 వరకు కారు విడిభాగాలలో అధిక భాగంపై 28 శాతం జీఎస్టీ ఉండేది. ఆ రోజు నుండి అన్నిటిపై 18 శాతమే. కొత్త కారు కొన్నవారికి ఇచ్చే "ఉచిత సర్వీసు"లో ఉచితమైనది కూలీ మాత్రమే. నూనెకు, ఫిల్టరుకు ధర చెల్లించవలసిందే.

కంపెనీ వర్క్‌షాపు తప్ప వేరే దారి లేదా? 2014 ఆగస్టు 25న భారత పోటీ కమిషన్, విడిభాగాలను బయటి గ్యారేజీలకు అందనివ్వడం లేదని 14 కార్ల సంస్థలపై 2,544 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన వారంటీ రద్దవుతుందని గంపగుత్త షరతు పెట్టరాదని కూడా చెప్పింది. ఆ వివాదం పై న్యాయస్థానాలకు వెళ్ళింది. మన వీధి మెకానిక్కులలో చేతిపని తెలిసినవారు ఎందరో ఉన్నారు, కూలీ కూడా తక్కువ. అయితే నూనె డబ్బా మీ కళ్ళ ముందు సీలు విప్పించుకోండి, చిన్న కాగితం మీదనైనా లెక్క రాయించుకోండి. అంతే ముఖ్యమైనది, మిగుల్చుకున్నదంతా అతని కూలీలో కోయకండి. పెద్ద వర్క్‌షాపులో రెండు వేలు మాట్లాడకుండా కట్టి, మసీదు వీధి కుర్రవాని దగ్గర మూడు వందలకు బేరమాడే పెద్దమనుషులను నేను చూశాను.

లెక్క తేలక, అడిగినా సమాధానం రాకపోతే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు. అది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. సంగారెడ్డిలో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. చెల్లించిన మొత్తం ఐదు లక్షల లోపు అయితే ఫిర్యాదుకు రుసుము లేదు. సంతకం చేసిన అంచనా, జాబ్ కార్డు, బిల్లు, ఈ మూడూ దాచుకున్నవారికే ఆ దారి సుగమం.

మా వారు ఆ మూడు కాగితాలను చేతిపుస్తకంలోనే పెట్టుకున్నారు. చివరి పుటలో కిలోమీటర్ల సంఖ్య, తేదీ, 3.1 అన్న అంకె రాసి, వచ్చే ఏడాది సర్వీసుకు ఇప్పటి నుండే నెలకు 500 తీసిపెట్టమని చెల్లెలికి చెప్పారట. ఆ 531 రూపాయలతో పిల్లవాడి నోటుపుస్తకాలు కొన్నారు. బస్సు సొమ్ము ఇంకా సర్దవలసి ఉంది.