పరికి పండుకు అర్థం అడిగేవాళ్లకు

చర్ల వైపు అడవి పల్లెలో ఉంటున్న ఒక యువ రచయిత్రి కథ ఈ మధ్య ఒక పోటీ నుంచి తిరిగి వచ్చింది. వెంట ఒక చీటీ. ‘స్థానిక పదాలు ఎక్కువయ్యాయి, పరికి, మొర్రి, తునికి వంటి వాటికి అర్థాలిస్తే పరిశీలిస్తాం’ అని అందులో రాశారు. అదే పోటీలో బహుమతి పొందిన కథలో నాయిక బ్లాక్‌బెర్రీ జామ్ రాసుకుని రొట్టె తింటుంది. దానికి ఎవరూ అర్థం అడగలేదు. చీటీ రాసినవారి మీద మాకు కోపం లేదు. ఆ చీటీ వెనుకున్న అలవాటు మీదే మా ఫిర్యాదు.

భద్రాచలం ఎండలో ఎన్నడూ కాయని బ్లాక్‌బెర్రీ మన పాఠకుడికి పుస్తకాల్లోంచే తెలిసింది. విక్టోరియా రాణి కాలపు ఇంగ్లండులో అది పేదవాడి పండు. పొలాల గట్ల మీది ముళ్లకంపల్లో ఊరికే కాసేది. సెప్టెంబరు వచ్చిందంటే కూలీల ఇళ్ల ఆడవాళ్లూ పిల్లలూ గిన్నెలు పట్టుకుని బయల్దేరేవాళ్లు. పండ్లకు పోయి పిల్లలు బడి ఎగ్గొట్టారని పంతుళ్లు బడి దినచర్యలో రాసుకునేవారు. మైకేల్మస్ పండుగ దాటితే సైతాను వాటిమీద ఉమ్మేస్తాడని, ఇక తినకూడదని పెద్దలు చెప్పేవారు. ఈ పల్లె సంగతుల్ని అక్కడి రచయితలు చిన్నచూపు చూడలేదు. క్రిస్టినా రోసెట్టి 1862లో అచ్చయిన ‘గాబ్లిన్ మార్కెట్’ను పాతికకు పైగా పండ్ల పేర్లతో మొదలుపెట్టింది. బ్లాక్‌బెర్రీ అందులో ఒకటి. దేనికీ అడుగున అర్థం రాయలేదు. చదివేవాళ్లే నేర్చుకున్నారు.

అదే రాణి ఏలుబడిలో మన అడవిలో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. 1874లో భద్రాచలం తాలూకాను మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో కలిపారు. 1879లో కల్లు మీద పన్నులతో కడుపు మండి లేచిన రంప పితూరీ భద్రాచలం దాకా పాకింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అని గీత గీసిన చోట అనుమతి లేకుండా అటవీ ఫలసాయం తెచ్చుకోవడం నేరమైంది. పొదల్లో కాసిన పండు కోసుకు తింటే దొంగతనం కాదని ఇంగ్లండు 1968 నాటి తన చట్టంలో స్పష్టంగా రాసుకుంది. మన అడవిబిడ్డకు నేరుగా చిన్నతరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్య హక్కు కాగితం మీదికి రావడానికి 2006 అటవీ హక్కుల చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. నూట ఇరవై నాలుగేళ్లు.

ఆ పండ్లేమిటో అడిగారు కాబట్టి చెబుతాం. పరికి పాకే ముళ్లపొద. కాయ బఠాణీ గింజంత, పండితే నల్లగా నిగనిగలాడుతుంది. కొక్కెంలా వంగిన ముల్లు చెయ్యి లోపలికి పోనిస్తుంది, బయటికి రానివ్వదు. పల్చటి పులుపు గుజ్జు, లోపలంతా గింజే. అయినా చలికాలం గొడ్లు కాసే పిల్లల జేబులు వీటితోనే నిండుతాయి. మొర్రి పండు వేసవిది. దాని గుజ్జు చప్పరించి గింజను పారెయ్యరు, ఎండబెట్టి రాతిమీద పగలగొడతారు. లోపల దొరికేదే సారపప్పు. పట్నంలో మిఠాయి మీద చల్లుకునే ఆ పప్పు అందరికీ తెలుసు. అది ఏ చెట్టుదో, ఎవరి వేళ్లు నలిగితే వచ్చిందో మాత్రం తెలియదు.

తునికిది మరో అన్యాయం. సర్కారు లెక్కల్లో తునికి అంటే ఆకే. యాభై ఆకులు ఒక కట్ట, వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బ్యాగు. కొట్టిన మొదళ్ల నుంచి వచ్చిన లేత చిగుళ్ల ఆకు తెల్లవారకముందే పోయి కోసుకొచ్చి, కట్టలు కట్టి, కల్లంలో అప్పజెప్పాలి. అదే ఎండల్లో పెద్ద చెట్ల మీద పసుపుపచ్చగా పండే తునికి పండు ఆకు కోసేవాళ్ల ఆకలి తీరుస్తుంది. దానికి పద్దు లేదు. పద్దు లేనిదాన్ని పట్టుకోవడం సాహిత్యం పని. మనం పట్టుకోలేదు.

పట్టుకున్నదల్లా శబరిని. భద్రగిరి మన గుండెల్లో ఉంది, పర్ణశాల ఉంది, కూనవరం దగ్గర గోదావరిలో కలిసే శబరి నది ఉంది. ఎంగిలి పండ్ల కథ మీద ఎన్ని పద్యాలు, ఎన్ని హరికథలు! వాల్మీకి శబరి మాత్రం పంపా తీరాన దొరికే వన్యాహారం సేకరించి ఉంచానంటుంది, అంతే. ఎంగిలి చేసిందనీ లేదు, పండు పేరూ లేదు. తర్వాతి వారు భక్తి కోసం ఎంగిలిని చేర్చారు, మనం రేగుపండ్లని స్థిరపరచుకున్నాం. కోయగూడేల్లో ఆచారం అందుకు పూర్తిగా ఎదురు. కొత్త కాయ, కొత్త పంట పండుగ చేసి వేల్పులకు పెట్టందే నోట పెట్టుకోరు. వెయ్యేళ్ల సాహిత్యంలో ఈ సంగతి చెప్పిన చోట్లు ఎన్ని? అడవి స్త్రీ చేతి పండు దేవుడు తింటే పులకించిపోతాం. ఆమె మనవరాలు ఆ పండు పేరు రాస్తే అర్థం రాయమని తిప్పి పంపుతాం. దీన్ని భక్తి అనలేం, సాహిత్యాభిమానం అసలే అనలేం.

పాఠకుడికి అర్థం కావాలి కదా అన్న మాటను కాదనం. కానీ పాఠకుడంటే హైదరాబాదులోనో విజయవాడలోనో ఉన్నవాడేనా? దుమ్ముగూడెంలో చదివేవాడు కాడా? తెలియని మాట ఎదురైతే వాక్యమే అర్థం చెబుతుంది, చెప్పకపోతే పక్కవాణ్ని అడుగుతాం. ఇన్ని తరాలుగా మనం చదువుకున్నది అలాగే.

తొందరపడవలసిన కారణం ఇంకొకటి ఉంది. 2014లో పోలవరం కోసం ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. కూనవరం, వి.ఆర్.పురం వైపు నుంచి పునరావాస కాలనీకి చేరిన ఇంటికి మొర్రిచెట్టు వెంట రాదు. అక్కడ పుట్టే బిడ్డకు ఆ పండు దొరకదు. కనీసం పుస్తకంలోనైనా దొరకాలి.

వచ్చే సంచిక నుంచి అడవి పండ్లకు, చెట్లకు, పనిముట్లకు ఈ పత్రిక అడుగున అర్థాలు వెయ్యదు. తిరిగొచ్చిన ఆ కథను మొదటి పుటల్లో అచ్చేస్తాం. చర్ల, గుండాల, చింతూరు, ఏటపాక రచయితలకు మా విన్నపం: మీ ఇంట్లో అనుకునే పేర్లతోనే రాసి పంపండి. పాఠ్యపుస్తకాలు కూర్చే పెద్దలకూ ఒక మాట: ఒకటో తరగతి బొమ్మల్లో స్ట్రాబెర్రీ పక్కన తునికి పండుకూ చోటివ్వండి.