తెల్లజెండా ప్రభువు

చేతికందిన కిరీటాన్ని కాలదన్నుకున్న షాంబోర్ కౌంట్ హెన్రీని మొండివాడని కొట్టిపారేయడం తేలిక. నాకు మాత్రం ఆయన ప్రవాసం తయారుచేసిన మనిషిలా కనిపిస్తాడు. తండ్రి హత్యకు గురైన ఏడు నెలలకు, 1820 సెప్టెంబరులో పుట్టాడు. 1830 విప్లవంలో తాత, ఫ్రాన్స్ రాజు పదో చార్లెస్ గద్దె దిగేనాటికి పదేళ్లయినా నిండలేదు. ఆ తర్వాత ఎడిన్‌బరో, ప్రాగ్, గొరీజియా, చివరికి వియన్నా దగ్గరి ఫ్రోస్‌డోర్ఫ్ కోట. చుట్టూ ఉన్నవాళ్లంతా ‘మహారాజా’ అనేవాళ్లే. కాదనేవాడు ఒక్కడుంటే కదా! 1871లో ఫ్రాన్స్ జాతీయ సభలో రాచరిక వాదులదే మెజారిటీ. త్రివర్ణ పతాకాన్ని ఒప్పుకుంటే చాలు, పట్టాభిషేకమే. ఆయన తన వంశపు తెల్లజెండానే కావాలన్నాడు. విప్లవం జెండా కింద కూర్చుంటే తాను వంశానికి వారసుడెలా అవుతాడన్నది ఆయన వాదం. అందులో తర్కం లేకపోలేదు, ఎటొచ్చీ ఆ తెల్లజెండా కింద నిలబడే దేశమే మిగల్లేదు. 1873 నవంబరులో రహస్యంగా వెర్సాయ్ చేరి, అధ్యక్షుడు మక్‌మాన్ తనను సభలోకి తోడ్కొని వెళతాడని ఎదురుచూశాడు. మక్‌మాన్ కలవడానికే ఒప్పుకోలేదు. ఈలోగా హెన్రీ మనసు మార్చుకోకపోతాడా, లేదా కన్నుమూయకపోతాడా అన్న ఆశతో రాచరిక వాదులు అధ్యక్షుడికి ఏడేళ్ల గడువు పెట్టారు. హెన్రీ 1883లో, పిల్లలు లేకుండా పోయాడు. రాజు కోసం పెట్టిన ఆ గడువు మాత్రం 2000 నాటి ప్రజాభిప్రాయ సేకరణ ఐదేళ్లకు కుదించేదాకా ఫ్రెంచి గణతంత్రాన్ని వదల్లేదు.