అమ్మిన సొమ్ము చేతికొచ్చేదెప్పుడు?

బందరు, పెడన వీధుల్లో సాయంత్రం వేళ ఒక దృశ్యం ఇప్పుడు మామూలైపోయింది. కొరియరు కుర్రవాడు బండి ఆపుతాడు. అరుగు మీద పేర్చి ఉన్న పార్సిళ్లను లెక్కపెట్టి సంచిలో వేసుకుంటాడు. వాటిలో కలంకారీ దుప్పట్లు ఉంటాయి, చున్నీలు ఉంటాయి, చిలకలపూడి గిల్టు నగలు ఉంటాయి. ఒకప్పుడు బందరు రేవులో ఓడలెక్కి పరదేశాలకు పోయిన అద్దకం గుడ్డ ఇవాళ సెల్‌ఫోనులో బేరం కుదుర్చుకుని ఢిల్లీకీ, గువాహతికీ పోతోంది. దళారీ గుమ్మం తొక్కకుండా మన సరుకు దేశమంతటా అమ్ముడుపోవడం సంతోషించవలసిన విషయమే.

అయితే ఇల్లలకగానే పండుగ కాదు. పార్సిలు గుమ్మం దాటినంత మాత్రాన డబ్బు గుమ్మం ఎక్కదు. ఆర్డర్లు బాగానే వస్తున్నాయి, చేతిలో మాత్రం పైసా ఆడటం లేదన్న మాట ఈ వ్యాపారంలో ఉన్న చిన్నవాళ్ల నోట తరచు వినిపిస్తుంది. ఇది వారి చేతగానితనం అనుకుంటే పొరపాటు. తప్పు లెక్కలో ఉంది. ఆ లెక్కను అందరూ తెలుసుకోవడం అవసరం.

సంతలో అమ్మినవాడికి సరుకిచ్చిన చేత్తోనే సొమ్ము ముడుతుంది. ఆన్‌లైన్ కంపెనీ ద్వారా అమ్మితే అలా కాదు. సరుకు కొన్నవారికి చేరాలి. నచ్చకపోతే తిప్పి పంపడానికి వారికిచ్చిన గడువు దాటాలి. ఆ తరువాత కంపెనీ డబ్బు వేసే వంతు రావాలి. ఈ గడువులు కంపెనీని బట్టి, సరుకును బట్టి మారుతుంటాయి. లెక్క కోసం చేరడానికి 5 రోజులు, వాపసు గడువు 7 రోజులు, కంపెనీ వంతు రావడానికి మరో 7 రోజులు, బ్యాంకులో జమ కావడానికి ఒక రోజు అనుకుందాం. మొత్తం 20 రోజులు. గుడ్డ కొని, కరక్కాయ నీళ్లలో తడిపి, అచ్చులు వేసి, ఉడకబెట్టి, ఆరబెట్టిన రోజులు దీనికి అదనం. వానాకాలంలో ఎండ లేక అద్దకం ఆగితే ఇంకా అదనం.

ఒక కుటుంబం రోజుకు 10 చున్నీలు పంపుతోందనుకోండి. ఒక్కోదానికి ఖర్చు 300 రూపాయలు, అమ్మకం ధర 500. రోజుకు 3,000 రూపాయల సరుకు పోతోంది. 20 రోజులకు 60,000. అంటే ఆ కుటుంబం సొమ్ము 60,000 రూపాయలు ఎప్పుడూ దారిలోనే ఉంటుంది. పాత డబ్బు వచ్చేలోగా కొత్త సరుకు పోతూ ఉంటుంది కనుక ఆ అరవై వేలు ఏనాడూ ఇంటికి రావు. పండుగలకు ఆర్డర్లు రెట్టింపైతే దారిలో ఉండే సొమ్ము 1,20,000 అవుతుంది. వ్యాపారం పెరిగినకొద్దీ చేతిలో డబ్బు తగ్గడానికి కారణం ఇదే. గిరాకీ వచ్చిందని సంబరపడి శక్తికి మించి ఆర్డర్లు ఒప్పుకున్నవాడు నష్టం వల్ల కాదు, లాభం చేతికి రాకముందే దెబ్బతింటాడు.

ఇక వాపసుల సంగతి. పంపిన పదిలో రెండు తిరిగి వచ్చాయనుకుందాం. కొన్నవారికి రంగు నచ్చకపోవచ్చు. సరుకు చేరాక డబ్బిచ్చే పద్ధతిలో ఆర్డరు పెట్టినవారు, తీరా కొరియరు వచ్చేసరికి తలుపు తీయకపోవచ్చు. నిలిచిన 8 చున్నీలకు వచ్చేది 4,000 రూపాయలు. ఒక్కోదానికి కంపెనీ కమిషన్, కొరియరు కలిపి 90 చొప్పున 720 పోతాయి. తిరిగొచ్చిన రెండింటికి కొరియరు ఖర్చు 120 చొప్పున 240 పోతుంది. మిగిలిన 3,040లో సరుకు ఖర్చు 2,400 తీసేస్తే లాభం 640. చున్నీకి 200 మిగులుతుందనుకున్న చోట 80 మిగిలింది. తిరిగొచ్చిన రెండింటిలో ఒకటి నలిగి, మరకపడి పనికిరాకుండా పోతే ఆ 640 కూడా 340 అవుతుంది.

నెలకు 25 రోజులు పని జరిగితే అది 8,500 రూపాయలు. దారిలో ఉన్న అరవై వేలను నెలకు నూటికి 3 రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే వడ్డీ 1,800. ఇంటిల్లిపాదీ రెక్కలు ముక్కలు చేసుకుని సంపాదించినదాంట్లో ఐదో వంతుకు పైగా షావుకారుకు పోతుంది. ఎందుకు పోతోంది? తన సొమ్ము తనకు సకాలంలో రానందుకు! సొమ్మొకడిది, సోకొకడిది అని పెద్దలు ఊరికే అనలేదు.

ఈ బాధ మన జిల్లాకు కొత్త కాదు. ఉయ్యూరు పరిసరాల చెరకు రైతులకు ఇది బాగా తెలుసు. చెరకు తోలి నెలల తరబడి ఫ్యాక్టరీ చుట్టూ తిరిగే దుస్థితి ఉండరాదని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వులో 14 రోజుల గడువు పెట్టారు. గడువు దాటితే ఏటికి 15 శాతం వడ్డీ ఇవ్వాలన్నారు. ఆ నియమం అన్నిచోట్లా, అన్నివేళలా అమలు జరిగిందని ఎవరూ అనరు. కాని అడగడానికి రైతు చేతిలో ఒక ఆధారం ఉంది. చున్నీలు పంపిన ఇల్లాలి చేతిలో అటువంటి ఆధారమేదీ?

చిన్న పరిశ్రమల కోసం 2006లో ఒక చట్టం వచ్చిన మాట నిజమే. చిన్నవారి దగ్గర సరుకు కొన్నవారు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు ఇవ్వాలనీ, లేకుంటే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలనీ అది చెబుతోంది. అయితే ఆ చట్టం కొనేవాడిని పట్టుకుంటుంది. ఆన్‌లైన్ కంపెనీ మన సరుకు కొనడం లేదు, అమ్మిపెడుతోంది అంతే. కనుక ఆ చట్టం చూపి కంపెనీని నిలదీయడం తేలిక కాదు.

ఇలా మధ్యలో నిలిచే సొమ్ము గురించి రిజర్వు బ్యాంకు 2020 మార్చిలో చెల్లింపుల మధ్యవర్తి సంస్థలకు మార్గదర్శకాలు ఇచ్చింది. కొన్నవారి డబ్బును సంస్థ సొంత డబ్బులో కలపకుండా బ్యాంకులో ప్రత్యేక ఖాతాలో ఉంచాలని చెప్పింది. అమ్మకందారే సరుకు చేర్చే పద్ధతిలో, చేరిన మర్నాటికల్లా అతని సొమ్ము ఇవ్వాలని చెప్పింది. కాని వాపసు గడువు దాకా సొమ్ము ఆపుకోవచ్చని ఒప్పందంలో ఉంటే, ఆ గడువు ముగిసిన మర్నాటి వరకు ఆపవచ్చునని కూడా చెప్పింది. 2025 సెప్టెంబరులో వాటి స్థానంలో కొత్త ఆదేశాలు వచ్చాయి. ఆదేశాలు మారినా ఒప్పందం రాసే కలం కంపెనీ చేతిలోనే ఉంది. పెడన అద్దకందారు చేయగలిగింది సెల్‌ఫోనులో సరేనని నొక్కడమే. ఇద్దరు సమఉజ్జీలు కూర్చుని రాసుకున్న ఒప్పందానికీ, దీనికీ ఎంత తేడా!

కంపెనీల వాదన కూడా వినవలసిందే. వాపసు సౌకర్యం ఉన్నందునే ఎక్కడో ఉన్న మనిషి కంటితో చూడని సరుకును కొంటున్నాడు. డబ్బు ముందే ఇచ్చేస్తే తిరిగొచ్చిన సరుకు తాలూకు సొమ్ము రాబట్టడం కష్టమని కంపెనీలు అంటాయి. కొత్తగా చేరి నాలుగు రోజుల్లో మాయమయ్యే మోసగాళ్లు ఉండనే ఉంటారు. ఇదంతా ఒప్పుకుందాం. కాని ఏడాదికి పైగా నిజాయితీగా సరుకు పంపుతూ, వాపసులు తక్కువగా ఉన్న చిన్నవారినీ అదే గాటన కట్టడం న్యాయం కాదు. అటువంటివారికి సరుకు చేరిన వెంటనే కనీసం సగమైనా ఇవ్వవచ్చు. ఏ ఆర్డరు మీద ఎంత కోశారో, ఎందుకు కోశారో తెలుగులో, ఒకే పట్టీలో చూపవచ్చు. సొమ్ము జమ చేసే గడువుకు చట్టబద్ధమైన హద్దు, ఆ హద్దు దాటితే వడ్డీ ఉండేలా కేంద్ర ప్రభుత్వం నియమం చేయాలి. 1966లో చెరకు రైతు విషయంలో సాధ్యమైన గడువు ఈ కాలంలో, డబ్బు క్షణంలో దేశం దాటే రోజుల్లో, సాధ్యం కాదంటే ఎవరు నమ్ముతారు?

తొందరగా డబ్బు కావాలంటే కొంత రుసుము తీసుకుని ముందుగా ఇచ్చే పద్ధతులు కూడా ఉన్నాయి. వీటి విషయంలో జాగ్రత్త అవసరం. నూటికి ఒక్క రూపాయే కదా అనిపిస్తుంది. 10 రోజులు ముందిచ్చినందుకు నూటికి రూపాయి అంటే నెలకు 3 రూపాయలు. షావుకారు వడ్డీకీ దీనికీ తేడా లేదు. షావుకారు గడప మాత్రం ఎక్కనక్కరలేదు, అంతే.

మన జిల్లా బ్యాంకర్లు చేయవలసింది చాలా ఉంది. చిన్న పరిశ్రమకు ఏడాదిలో జరగబోయే అమ్మకాల అంచనాలో కనీసం 20 శాతాన్ని రోజువారీ పెట్టుబడిగా ఇవ్వాలన్న నాయక్ కమిటీ సూత్రం బ్యాంకులకు తెలియనిది కాదు. పైన చెప్పిన కుటుంబం ఏటా అమ్మేది 12 లక్షల రూపాయలు. 20 శాతం అంటే 2,40,000. పండుగ రోజుల్లోనూ దారిలో ఉండే సొమ్ముకు అది సరిపోతుంది. 10 లక్షల వరకు అప్పుకు తాకట్టు అడగరాదని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పింది. చిన్న వ్యాపారులకు 2015 నుంచి ముద్రా పథకం ఉంది. అయినా బ్యాంకు గుమ్మంలో మొదట వినబడే ప్రశ్న “పొలం కాగితాలున్నాయా?” అన్నదే. ఏడాది పాటు ప్రతివారం కంపెనీ నుంచి ఖాతాలో పడిన సొమ్మే ఆ కుటుంబపు పరపతికి సాక్ష్యం. పొలం కాగితం కన్నా అది తక్కువదేమీ కాదు. ఏడాదికి 12 శాతం వడ్డీకి బ్యాంకు ఇచ్చినా ఆ అరవై వేల మీద నెలకు 600 అవుతుంది. షావుకారుకు కట్టే 1,800లో మిగతా 1,200 ఆ ఇంట్లో పిల్లల చదువుకు పనికొస్తుంది. జిల్లా బ్యాంకర్ల సమావేశంలో కలెక్టరు ఈ విషయం ప్రత్యేకంగా చర్చకు తీసుకురావాలని కోరుతున్నాం.

పన్నుల కింద కోసిన డబ్బు విషయంలో మనవాళ్లు చేస్తున్న పొరపాటు ఒకటుంది. జీఎస్టీ నమోదు ఉన్న అమ్మకందారు నుంచి కంపెనీ 2024 జులై 10 నుంచి నికర అమ్మకం మీద 0.5 శాతం వసూలు చేస్తోంది. అంతకుముందు అది 1 శాతం. ఆదాయపు పన్ను కింద కోసేది 2024 అక్టోబరు 1 నుంచి 0.1 శాతం. నెలకు లక్ష అమ్మితే సుమారు 600 రూపాయలు. ఇది పోయిన సొమ్ము కాదు. మొదటిది జీఎస్టీ ఖాతాలోకి వస్తుంది, రెండోది ఏడాది చివర లెక్క దాఖలు చేస్తే సర్దుబాటు అవుతుంది, లేదా తిరిగి వస్తుంది. అడగనివారికి మాత్రం రాదు. సొంత పేరు మీద ఏడాదికి 5 లక్షల లోపు అమ్మేవారు పాన్ గాని, ఆధార్ గాని ఇస్తే ఆదాయపు పన్ను కోత ఉండదు. ఏడాది అమ్మకాలు 40 లక్షల లోపు ఉండి, మన రాష్ట్రంలోనే అమ్ముకునేవారు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా ఒక నమోదు సంఖ్యతో అమ్ముకునే వీలు 2023 అక్టోబరు 1 నుంచి ఉంది. ఈ సంగతులు గ్రామ సచివాలయాల్లో చెప్పే ఏర్పాటు చేస్తే ఎంతో మేలు.

ప్రభుత్వం చేసేదాకా, కంపెనీ మారేదాకా కూర్చోవలసిన పని లేదు. మన చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. ఇంటి ఖర్చుకూ, వ్యాపారానికీ ఒకే బ్యాంకు ఖాతా వాడవద్దు. ఒక నోటుపుస్తకం పెట్టి పంపిన తేదీ, చేరిన తేదీ, సొమ్ము జమ అయిన తేదీ మూడు గళ్లలో రాసుకోవాలి. మూడో గడి ఖాళీగా ఉన్న ఆర్డరు మీద ఆ వారమే కంపెనీని అడగాలి. నెలలు గడిచాక అడిగితే జవాబు రాదు. తిరిగొచ్చిన పార్సిలు విప్పేటప్పుడు సెల్‌ఫోనులో వీడియో తీసుకోవాలి. చిరిగిన గుడ్డ వచ్చినా, వేరే వస్తువు వచ్చినా అదే సాక్ష్యం. ధర నిర్ణయించేటప్పుడు వాపసుల ఖర్చును ముందే కలుపుకోవాలి. పెట్టుబడి అయిపోవచ్చినప్పుడు సరుకు సంఖ్య తగ్గించి చూపాలి. వచ్చిన ప్రతి ఆర్డరూ మహాలక్ష్మి కాదు. తెలిసిన ఖాతాదారులు నేరుగా అడిగితే ఫోనులోనే సొమ్ము ముందు వేయించుకుని, వారికి కొంత తగ్గించి ఇవ్వడం ఉభయులకూ లాభమే.

డ్వాక్రా సంఘాలకు ఇదొక మంచి అవకాశం. పదిమంది అద్దకందారులు విడివిడిగా గుడ్డ అరువు తెచ్చుకునే బదులు సంఘంగా కలిసి తానులు కొంటే ధర తగ్గుతుంది. ఒకరి సొమ్ము దారిలో ఉన్నప్పుడు సంఘం పొదుపు నుంచి సర్దుకోవచ్చు. లెక్కలు చూడటానికి ఊళ్లో చదువుకున్న అమ్మాయి ఒకరుంటే చాలు.

బందరు అద్దకానికి శతాబ్దాల చరిత్ర ఉంది. సముద్రం మీద పోయిన సరుకుకు సొమ్ము రావడానికి ఆనాడు నెలలు పట్టిందంటే అర్థం ఉంది. గాలివాటానికి ఓడ రావాలి కదా. ఈనాడు సరుకు ఐదు రోజుల్లో చేరుతోంది, డబ్బు ఇరవై రోజులకు వస్తోంది. ఆ పదిహేను రోజుల వడ్డీ భారం చిన్నవాడి నెత్తిన ఉన్నంతకాలం, దళారీ పోయాడని సంతోషించడానికి లేదు. ఆ భారం తగ్గించడం ప్రభుత్వం, కంపెనీలు, బ్యాంకుల బాధ్యత. తన లెక్క తాను రాసుకుని, తన సొమ్మును సకాలంలో అడగడం అమ్మకందారు బాధ్యత.